ఏడో నంబరులో నలభై అయిదు

"ఇవి క్రోమోజోములా, బొగ్గు ముక్కలా?"

ఇల్వా బల్ల మీద పడేసిన ప్రింట్లు పన్నెండు. పన్నెండూ నల్లగా మాడిపోయి ఉన్నాయి. డార్క్‌రూమ్‌లో కొత్తగా చేరిన తోర్కెల్ కాఫీ కప్పు కింద పెట్టి, ఒక ప్రింటు తీసి కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడు.

"క్రోమోజోములే అనుకుంటా. ఇదివరకు నేను పెళ్ళి ఫోటోలు తీసేవాణ్ణి. పెళ్ళికొడుకు కోటు ఇంత నల్లగా వస్తే జనం మెచ్చుకునేవాళ్ళు."

"ఇక్కడ ఎవరికీ పెళ్ళి కావడం లేదు. ఒక్కోదానికీ అడ్డంగా సన్నటి చారలుంటాయి. ఆ చారలు చూసే ఏది దేనికి జతో తేల్చాలి. మీరిచ్చిన వాటిలో చారల మాట దేవుడెరుగు, తల ఏదో తోక ఏదో తెలియట్లేదు."

"మీరు" అంది. లుండ్ ఆసుపత్రిలో అప్పటికి అయిదారేళ్ళుగా పెద్ద డాక్టరు మొదలుకొని గదులు తుడిచే ఆవిడ దాకా అందరూ ఒకరినొకరు నువ్వనే పిలుచుకుంటున్నారు. 1974లో అక్కడ ఎవరైనా ఎవరినైనా మీరు అన్నారంటే అది మర్యాద కాదు, కోపం.

"నువ్వన్నా నాకు వినబడుతుంది," అన్నాడు తోర్కెల్. "రేపు పొద్దున్నకి మళ్ళీ తీసిస్తాను. నువ్వు పక్కన నిలబడి ఎంత నలుపు కావాలో చెప్తే ఇంకా త్వరగా అవుతుంది."

ఇల్వా పక్కన నిలబడలేదు. మర్నాడు పొద్దున్న ఆమె బల్ల మీద పన్నెండు కొత్త ప్రింట్లున్నాయి. చారలు దువ్వెన పళ్ళలా తేటగా వచ్చాయి. వాటి మీద కాగితంలో చుట్టిన యాలకుల బన్ను ఒకటి ఉంది. ఇల్వా బన్ను తిన్నది. తిన్నట్టు చెప్పలేదు. కానీ ఆ రోజు ప్రింట్లు తీసుకోవడానికి తనే డార్క్‌రూమ్ దాకా వెళ్ళింది.

ఇల్వాకి ఇరవై ఏడేళ్ళు. ఆమె పనిముట్లు ఒక చిన్న కత్తెర, జిగురు సీసా, తెల్ల అట్టలు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ నలభై ఆరు క్రోమోజోములుంటాయి. ఇరవై మూడు తల్లి ఇచ్చినవి, ఇరవై మూడు తండ్రి ఇచ్చినవి. తల్లి ఇచ్చిన ఒకటో నంబరుకి తండ్రి ఇచ్చిన ఒకటో నంబరు జత, రెండుకి రెండు, అలా ఇరవై రెండు దాకా. ఆడో మగో చెప్పే ఆఖరి జత సంగతి వేరు. మిగతా జతల్లో రెంటికీ పొడుగు ఒకటే, నడుములా నొక్కుకున్న చోటు ఒకటే, చారలు ఒకే తీరు. పుస్తకాలు వాటిని సమజాతీయ క్రోమోజోములంటాయి. ల్యాబులో మాత్రం అందరూ జతలనే అనేవారు. ఫోటోలో అవి చిందరవందరగా పడి ఉంటాయి. ఇల్వా ఒక్కోదాన్నీ కత్తిరించి, జతకి జత చూసి, అట్ట మీద వరసగా అంటించేది. రోజుకి అయిదారు కణాలు. ఏడేళ్ళుగా అదే పని. ఆమె అంటించిన జతని ఎవరూ ఊడదీసి మార్చాల్సిన అవసరం రాలేదని ల్యాబు నడిపే డాక్టర్ మార్తా చెప్పుకునేది.

తోర్కెల్‌కి ముప్ఫై ఏళ్ళు. పొడుగు, వంగి నడుస్తాడు, మెడ దాకా జుట్టు. కీవిక్ దగ్గర ఆపిల్ తోటలున్న రైతు కొడుకు. మాటలో ఆ ప్రాంతపు యాస దిట్టంగా ఉండేది. బన్నులు వారానికి రెండయ్యాయి. జూన్ నెలకల్లా ఇద్దరూ మధ్యాహ్నం కాఫీ ఒకే బల్ల దగ్గర తాగుతున్నారు.

"నువ్వు మనుషుల్ని చూసినా ఇలాగే చూస్తావా?" అని అడిగాడొకసారి.

"ఎలా?"

"పొడుగెంత, నడుమెక్కడ, అని."

"నీకు నడుమే లేదు," అంది ఇల్వా. "ఒకటే గీత."

అతను కాఫీ పొలమారేలా నవ్వాడు.

ఆ నెలలోనే డాక్టర్ మార్తా చారలు వేసే కొత్త పద్ధతిని ముందు ఆరోగ్యవంతుల రక్తంతో సరిచూడాలంది. ల్యాబులో పదిమంది తలో సీసా ఇచ్చారు. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో డాక్టరు బీరువాలోని పుస్తకంలో మాత్రమే ఉంటుంది. ఏదైనా తేడా కనబడితే ఆ మనిషికి చెప్పేది డాక్టరే, ఇంకెవరూ నోరు మెదపకూడదు. ఆ నియమం గట్టిది. జులై మొదటి తారీకున డాక్టరు బీరువాకి తాళం వేసి, సెలవుల కోసం స్మోలాండ్ అడవిలో ఉన్న తన గుడిసెకి వెళ్ళిపోయింది. అక్కడ ఫోను లేదు. ఫోను లేదనే ఆ గుడిసె కొనుక్కుంది.

మూడో తారీకున తోర్కెల్ ప్రింట్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏడో నంబరుని కాస్త చూసి కత్తిరించు."

"ఏం?"

"అది నేనే. నా ముందు ఆరు సీసాలుండడం నేనే చూశాను. చెవులు గట్రా కత్తిరించెయ్యకు."

"ఇలా చెప్పకూడదు నువ్వు!"

"చెప్పేశానుగా. అందంగా ఉంటే అట్ట మీద ఒక పువ్వు గీసి పెట్టు."

అతను వెళ్ళాక ఇల్వా నవ్వుకుంటూనే కత్తెర తీసింది. ఒకటి నుంచి పన్నెండు దాకా జతలు చక్కగా కుదిరాయి. పదమూడు ఒకటి అంటించింది, రెండోది కనబడలేదు. పద్నాలుగు ఒకటి దొరికింది, దానికీ జోడు లేదు. బల్ల మీద మిగిలిన ముక్కల్లో ఆమె ఎరగని ఒక పొడుగు క్రోమోజోము ఉంది. పై సగం చారలు పదమూడువి, కింది సగం చారలు పద్నాలుగువి.

కింద ఎక్కడో పడిందేమోనని నేలంతా వెతికింది. ఇంకో కణం తీసింది. మళ్ళీ అదే. సాయంత్రానికి, కత్తిరించకుండా ఫోటోల మీదే, ఇరవై కణాలు లెక్కపెట్టింది. ఇరవైలోనూ నలభై అయిదే.

దీని అర్థం ఇల్వాకి బాగా తెలుసు. ఆ రెండు క్రోమోజోములూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పోయిందేమీ లేదు, కాబట్టి ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. పిల్లలు కలిగే వేళకే చిక్కు. బిడ్డకి జతలో ఒక్కొక్కటే పంచి ఇవ్వాలి కదా. అతుక్కున్నవాటిని పంచడంలో తేడా వస్తే బిడ్డకి ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. అలాంటి గర్భాలు ఎక్కువగా నిలవవు. పంపకం సరిగ్గా పడితే బిడ్డ లక్షణంగా పుడుతుంది. ఏది ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇల్వా అట్టని సొరుగులో పెట్టి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు తోర్కెల్ వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. "ఏం, పువ్వు గీశావా?"

"ఇంకా చూడలేదు." అబద్ధం చెప్పడం రాని మనిషి ఆమె. చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. శనివారం లొమ్మా వెళ్దామా, సముద్రానికి? నీళ్ళు వేడిగా ఉన్నాయట. అంటే పన్నెండు డిగ్రీలనుకో."

"కుదరదు."

"ఆదివారం?"

"మీరు వెళ్ళండి. నాకు పనుంది."

ఆ మీరు అనే మాట విని తోర్కెల్ మొహంలో నవ్వు ఆరిపోయింది. బల్ల మీంచి లేచి, కుర్చీ సర్ది, వెళ్ళిపోయాడు.

సోమవారానికి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని వచ్చాడు. ఇల్వా కాఫీ బల్ల దగ్గర ఎదురుగా కాకుండా ఒక కుర్చీ అవతల కూర్చుంది. అయినా గురువారం అతనే పలకరించాడు. నిద్రలేని మొహం.

"నీకు కోపం తెప్పించే పనేం చేశానో నాకు తెలీదు. అది తర్వాత అడుగుతాను. ఇవాళ ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది."

"ఏమైంది?"

"మా అక్క గున్‌హిల్డ్ ఉంది కదా, ఇప్పుడు పుట్టింట్లోనే ఉంటోంది. మూడుసార్లు కడుపు పోయింది దానికి. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. సైకిల్ తొక్కడం వల్లే ముగ్గురూ పోయారని మా అమ్మ తేల్చేసింది. జూన్ నుంచి దాన్ని మంచం దిగనివ్వట్లేదు. నిన్న ఫోన్లో అక్క ఏమందో తెలుసా? 'ఒరే, నేనే చంపుకున్నానేమోరా వాళ్ళని' అంది."

ఇల్వా చెంచా కింద పెట్టింది. మూడుసార్లు. పదమూడు, పద్నాలుగు. అతని అక్క.

"సైకిల్ వల్ల కాదు," అంది.

"నీకెలా తెలుసు?"

"తెలుసు... మామూలుగా, సైకిల్ వల్ల అలా జరగదు." చప్పున లేచి వెళ్ళిపోయింది.

డాక్టరు తిరిగి వచ్చేది పదిహేడున. ఇల్వా ఆ రాత్రి నిద్ర పట్టక రైళ్ళ పట్టిక చూసింది. శనివారం పొద్దున్నే రైలెక్కి ఎల్మ్‌హుల్ట్‌లో దిగింది. బస్సు పట్టుకుంది. బస్సు దిగాక నాలుగు కిలోమీటర్లు అడవి దారి. సగం దారిలో వాన మొదలైంది. గుడిసె ముందు ఒక ముసలావిడ రబ్బరు బూట్లు వేసుకుని, వానని లెక్కచేయకుండా ఎర్రటి ద్రాక్షలాంటి కాయలు కోస్తోంది. అరవయ్యేళ్ళ డాక్టర్ మార్తా అలా ఉండగా ఇల్వా ఎన్నడూ చూడలేదు.

"ల్యాబు తగలబడిందా?" అంది డాక్టరు.

"లేదు."

"అయితే ముందు లోపలికొచ్చి తుడుచుకో."

ఇల్వా తువ్వాలు భుజాన వేసుకునే అంతా చెప్పింది. డాక్టరు కాయల తొడిమలు తీస్తూ విన్నది.

"అతనికేమైనా చెప్పావా?"

"లేదు. కానీ అబద్ధం చెప్పాను. అతను నన్ను సముద్రానికి రమ్మన్నాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడలేక మీరు అన్నాను."

డాక్టరు ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "ఓహో. అంత దూరం వచ్చిందా సంగతి."

"అందుకోసం రాలేదు నేను. వాళ్ళక్క తనే చంపుకున్నాననుకుంటోంది. అది ఒక్క రోజు కూడా అనుకోకూడదు."

"నియమం నేను పెట్టిందే. సరైన నియమమే. నోరు మూసుకుని నా దగ్గరికొచ్చావు చూడు, అదీ సరిగ్గానే ఉంది," అంటూ డాక్టరు కాయల గిన్నె మీద మూత పెట్టింది. "సాయంత్రం రైలు ఎన్నింటికి?"

సోమవారం పొద్దున్న డాక్టరు తోర్కెల్‌ని తన గదికి పిలిచింది. ముప్పావుగంట తర్వాత అతను తిన్నగా ఇల్వా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నీకు తెలిసి ఎన్ని రోజులైంది?"

"పన్నెండు."

"పన్నెండు రోజులు నా మొహం చూస్తూ..."

"నీ మొహం చూడలేకే సముద్రానికి రాలేదు."

"నేను నచ్చలేదనుకున్నాను! వెళ్ళి జుట్టు కూడా కత్తిరించుకున్నాను."

"చూశాను. బాగోలేదు."

"ఇల్వా, మా అక్క మంచంలో పడుకుని ఏడుస్తోంది. పన్నెండు రోజులు!"

"పద్నాలుగు కావాల్సింది," అంది ఇల్వా. ఆమె గొంతూ లేచింది. "డాక్టరు ఎల్లుండి రావాలి. నేను వెళ్ళి తీసుకొచ్చాను. చెప్పే హక్కు నాది కాదు. నీ ఒంట్లో సంగతి నీకంటే ముందు నాకు తెలియడమే తప్పు. ఏడో నంబరు నేనే అని ఎవరు వాగమన్నారు నిన్ను?"

తోర్కెల్ బల్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగాడు.

"ఎక్కడికి వెళ్ళి తీసుకొచ్చావు?"

"అడవిలోకి. వానలో."

అతను ఎదుటి కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.  తర్వాత చెయ్యి చాపాడు. "ఏదీ, చూపించు. ఎలా ఉన్నానో."

ఇల్వా సొరుగులోంచి అట్ట తీసి ముందుంచింది.

ఇంటిల్లిపాది రక్తమూ చూడాలంది డాక్టరు. రక్తం తీయడం ఇల్వాకి వచ్చు. ఆ వారాంతంలో తోర్కెల్ పాత వోల్వో కారులో, ఒళ్ళో సీసాల పెట్టెతో కీవిక్ బయల్దేరింది.

వంటింట్లో పెద్ద బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. తల్లి బెంగ్తా కొత్త బంగాళదుంపలూ ఉప్పుచేపా పెట్టింది. తిన్నంతసేపూ ఇల్వా వంక అనుమానంగా చూసింది. తండ్రి అస్సార్ చేతులు కట్టుకుని కిటికీలోంచి తోట చూస్తున్నాడు. గున్‌హిల్డ్‌ని మంచం దింపి దిండ్ల మధ్య కూర్చోబెట్టారు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, పాలిపోయి ఉంది.

ఇల్వా కంచాలు పక్కకి జరిపి అట్ట పరిచింది.

"ఇవి జతలు. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఇదిగో, ఇక్కడ రెండు అతుక్కున్నాయి. తోర్కెల్‌కి ఇలా ఉంది. మీకూ ఉండొచ్చు, గున్‌హిల్డ్. ఉంటే, ఆ ముగ్గురూ నిలవకపోవడానికి కారణం ఇదే. మొదటి రోజు నుంచే నిర్ణయమైపోయింది. మీరు సైకిల్ తొక్కినా, తొక్కకపోయినా."

గున్‌హిల్డ్ ఆ అట్టని చేతిలోకి తీసుకుంది. వేలితో ఆ పొడుగుదాన్ని తాకింది. "అమ్మా, విన్నావా?"

బెంగ్తా లేచి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది. వాళ్ళకి వీపు చూపిస్తూ అలాగే నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. "నాకెవరు చెప్పారు?" అంది చివరికి. "నాకెవరూ చెప్పలేదే తల్లీ."

గున్‌హిల్డ్ సూదికి చెయ్యి చాపింది. తర్వాత తల్లి. అస్సార్ మాత్రం చేతులు విప్పలేదు.

"మా వంశంలో ఏ లోపమూ లేదు. నేనివ్వను."

"లోపమని ఎవరన్నారు నాన్నా?" అన్నాడు తోర్కెల్.

"నలభై ఆరుండాల్సిన చోట నలభై అయిదుంటే ఏమంటార్రా మరి?"

"మీరు ఎప్పుడైనా జబ్బు పడ్డారా?" అని అడిగింది ఇల్వా.

"నేనా? అరవై ఆరేళ్ళు. ఒక్క పన్ను ఊడింది, అంతే."

"మరి లోపమెక్కడుంది?"

అస్సార్ ఆమెని మొదటిసారి సరిగ్గా చూశాడు. గున్‌హిల్డ్ మెల్లగా అంది, "నాన్నా, నా కోసం."

ముసలాయన చొక్కా చేయి మడిచి బల్ల మీద పెట్టాడు. సూది దిగుతుంటే ఎటో చూస్తూ చెప్పాడు. "మా అమ్మకి ఆరుగురు పోయారు. నేనూ మా అన్నా మిగిలాం. వాళ్ళ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు. ఆవిడ ఒక్కతే అప్పుడప్పుడూ వేళ్ళు లెక్కపెట్టుకునేది."

ఇల్వా దూది అద్ది, అతని చెయ్యి మడిచి, కాసేపు వదలకుండా పట్టుకుంది.

ఫలితం వచ్చింది. తండ్రికీ కూతురికీ కూడా నలభై అయిదే. గున్‌హిల్డ్ మంచం దిగి, తల్లి చూస్తుండగానే సైకిలెక్కి కొట్టు దాకా వెళ్ళొచ్చిందని తోర్కెల్ చెప్పాడు. నాలుగో నెల దాటాక ఆమె ఉమ్మనీరు కాస్త తీసి పరీక్షకి పంపారు. అందులోని బిడ్డ కణాలు పెరగడానికి మూడు వారాలు.

ఆ మూడు వారాల్లో తోర్కెల్ మారిపోయాడు. బన్నులు ఆగాయి. ప్రింట్లు ట్రేలో పెట్టి చడీచప్పుడూ లేకుండా వెళ్ళిపోయేవాడు. ఒకరోజు ఇల్వా దారికి అడ్డంగా నిలబడింది.

"నేనేం చేశాను ఈసారి?"

"మీరేం చేయలేదు," అన్నాడు. "మీకు నాకంటే నయమైనవాడు దొరుకుతాడు. డాక్టరు నాకన్నీ వివరంగా చెప్పింది. అక్క పడ్డ బాధ ఇంకొకరికి తెచ్చిపెట్టే ఉద్దేశం నాకు లేదు."

ఇప్పుడు మీరు అనడం అతని వంతయింది. ఇల్వా చేతిలోని ట్రే కింద పెట్టి ఏదో అనబోయింది, కానీ అతను మెట్లు దిగిపోయాడు.

సెప్టెంబరు పద్దెనిమిదిన ప్రింట్లు వచ్చాయి. ఇల్వా ఆ రోజు కత్తెర పట్టుకునే ముందు చేతులు రెండుసార్లు కడుక్కుంది. పన్నెండు దాకా జతలు. పదమూడు ఒకటి. పద్నాలుగు ఒకటి. అతుక్కున్నది ఒకటి. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇరవై కణాలూ చూసింది. నలభై అయిదు. తల్లిలాగే, తాతలాగే, మేనమామలాగే. రెండు నెలల కిందట ఆమెని నేలంతా వెతికించిన అంకె అది. ఇప్పుడు దాన్ని అట్ట మీద రాసి, కళ్ళు తుడుచుకుని, డాక్టరు గదికి పట్టుకెళ్ళింది.

మర్నాడు గున్‌హిల్డ్ వచ్చింది. వెంట తండ్రి. ఆదివారం చర్చికి వేసుకునే కోటు, మెరిసే బూట్లు. పావుగంటకి అస్సార్ ఒక్కడే గదిలోంచి బయటికొచ్చాడు. వరండాలో తోర్కెల్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇల్వా కొంచెం ఎడంగా ఉంది.

"ఆడపిల్లట," అన్నాడు అస్సార్. "బాగుందట. నలభై అయిదేనట."

"నాన్నా..."

"అంటే మా పోలికే!" ముసలాయన గొంతు వరండా అంతా మోగింది. ఒక నర్సు తిరిగి చూసింది. ఆయన జేబురుమాలుతో ముక్కు తుడుచుకుని ఇల్వా వైపు తిరిగాడు. "అమ్మాయ్, మావాడు నిన్ను అడిగాడా?"

"ఏమని?"

"ఏమని అంటుందేమిట్రా ఇది! అడిగాడా లేదా?"

"లేదు."

"అడగడు. వాళ్ళమ్మకి మూడు వారాలుగా ఉత్తరాలు రాస్తున్నాడు, నిండా నీ పేరే. నేను అడిగితే పనికొస్తుందా?"

"మీకు పెళ్ళయిపోయింది కదా," అంది ఇల్వా.

అస్సార్ ఫకాలున నవ్వాడు. తోర్కెల్ మొహం కందిపోయింది. "నాన్నా, వెళ్ళి కాఫీ తాగిరా."

"తాగొస్తా. త్వరగా కానీ. పందులకి మేత వేయాలి." ఆయన బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇద్దరే మిగిలారు. బయట సన్నగా వాన పడుతోంది. తోర్కెల్ కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "అక్కకి ఈసారి నిలిచింది. దానర్థం ప్రతిసారీ నిలుస్తుందని కాదు."

"ఆ లెక్క నాకు నేర్పుతున్నావా?"

"కాదు. కానీ నువ్వు రేపు..."

"తోర్కెల్, ఏడేళ్ళుగా నేను చూస్తున్నది ఇదే. నిలిచినవీ చూశాను, నిలవనివీ చూశాను. ఆ అట్టలన్నీ అంటించింది ఈ చేతులే. నీకు తెలిసిన భయం నాకూ ఉంది. పోతే ఏడుస్తాం. మళ్ళీ చూద్దామంటే చూద్దాం, చాలనిపిస్తే మానేద్దాం, పిల్లాణ్ణెవరినైనా పెంచుకుందాం. అవన్నీ ఇద్దరం కూర్చుని తేల్చుకునే మాటలు. నువ్వొక్కడివే మెట్లు దిగిపోయి నా తరఫున కూడా తేల్చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది."

"మండిందా?"

"మూడు వారాలుగా."

అతను ఇటు తిరిగాడు. జుట్టు మళ్ళీ చెవుల దాకా పెరిగింది. "నీకు ముందే అన్నీ తెలుసు. నాలో దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇంకేం చెప్పి అడగను?"

"అడుగు. మిగతాది నేను చూసుకుంటాను."

"నన్ను చేసుకుంటావా?"

"చేసుకుంటాను."

అంత తొందరగా జవాబొస్తుందని అతను అనుకోలేదు. ఇల్వాయే రెండడుగులు ముందుకేసి అతని కోటు కాలరు పట్టుకుంది.

వరండా చివర బూట్ల చప్పుడు వినబడింది. అస్సార్ చేతిలో ఇంకా ఆవిర్లు పోతున్న కాఫీ కప్పు ఉంది. నిలబడి తాగడానికి కూడా ఓపిక లేక పట్టుకొచ్చేశాడు.

"అయిందా? లేకపోతే ఇంకో కప్పు తాగి రానా?"

"అయింది నాన్నా."

"ఏమంది?"

"సరేనన్నాను," అంది ఇల్వా.

ముసలాయన కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, అరచెయ్యి కోటుకి తుడుచుకుని, ముందుకు చాపాడు. ఇల్వా చెయ్యి అందులో మునిగిపోయింది.

"ఆదివారాలు మా ఇంట్లో పన్నెండింటికల్లా భోజనం," అన్నాడాయన. "అయిదు నిమిషాలు ఆలస్యమైతే బెంగ్తా ఊరుకోదు. నన్నే వదల్లేదు, నలభై ఏళ్ళుగా."